వెళ్ళే కోడలు, ఉండే కోడలు

పెద్ద టీచర్ బట్టలు సర్దుకుంటూనే చర్చిలో పిల్లల వేసవి బడి పాఠాలు నాకు అప్పజెప్పింది. మంచం మీద సంచి నోరు తెరుచుకుని ఉంది. అడుగున పుట్టబోయే బిడ్డకని ఉతికి మడతపెట్టిన మెత్తటి పాత గుడ్డలు, వాటి మీద ఆవిడ బట్టలు, పక్కన దారిలో తినడానికి బిస్కెట్ పొట్లం. ఆవిడ కూతురికి నెలలు నిండాయి. పురుడు పోసి వచ్చేసరికి ఐదారు వారాలు పడుతుందంది.

"పది రోజుల పనే వదినా. రోజుకో బైబిల్ కథ, రోజుకో ఆట. అంతా ఇందులో రాసిపెట్టాను" అని అట్ట ఊడిన నోటు పుస్తకం నా ఒళ్ళో పడేసింది. "ఒక్కటి గుర్తుపెట్టుకో. ఐదేళ్ళవాళ్ళకి ప్రసంగం చెప్పకు. కాలూ చెయ్యీ ఆడితేనే వాళ్ళకి చెవులు తెరుచుకుంటాయి."

"నాకు ఆటలు రావు వదినా. చదవమంటే చదువుతాను."

"నీకు రాకపోతే నీ కోడలికి వచ్చుగా. దాని చేతిలో చింకిగుడ్డ పడినా బొమ్మయిపోతుంది."

ఆవిడ సంచి తాడు బిగిస్తుంటే నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎవరు సంచి సర్దుతున్నా నేను చూడలేను. నా భర్తా, ఆయన తరవాత నా కొడుకూ, ఇద్దరూ సంచి భుజాన వేసుకుని నవ్వుతూనే మెట్లు దిగారు. ఇద్దరి సంచులూ ఎవరో తెచ్చి ఇచ్చారు. మనుషులు రాలేదు. కొడుకు పోయి అప్పటికి మూడేళ్ళు.

ఇస్త్రీ కొట్టు పైన రెండు గదుల్లో మేం ముగ్గురం మిగిలాం. నేను, నా కోడలు, ఐదేళ్ళ మనవరాలు. కోడలు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఆ వేసవిలో ఆమెకి మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరింటిదాకా షిఫ్టు పడింది, అందుకని పొద్దుట బడికి నాతో రావడానికి కుదిరింది. నేను ఏ బడికీ వెళ్ళినదాన్ని కాను. కిరాణా కొట్టు నుంచి వచ్చిన పొట్లాల కాగితాలు సాపు చేసుకుని, బోర్డులు చూసుకుని, అక్షరం వెంట అక్షరం పట్టుకుని పెళ్ళయ్యాక చదవడం నేర్చుకున్నాను. చర్చిలో నా ఈడు ఆడవాళ్ళలో బైబిల్ తడుముకోకుండా చదివేది నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు లేదంటే అబద్ధం.

మా కోడలు ఐదో తరగతి దాకా చదివింది గానీ, కూడబలుక్కుని చదవాలి. వేలు పెట్టుకుని చదివే ఓపిక లేక, "మీరు చదవండి అత్తయ్యా, నేను వింటాను" అనేది. రోజూ సాయంత్రం నేను చదివేదాన్ని. ఆమె ఏదో ఒకటి కుడుతూ వినేది.

మొదటి రోజు జలప్రళయం. పిల్లలు ఇరవై ఒక్కమంది. చర్చిలో బెంచీలు గోడకి జరిపి, మధ్యలో పెద్ద అట్టపెట్టె పెట్టాం. అది ఓడ. ఫ్యాక్టరీకి కొత్త మిషన్ వచ్చిన పెట్టె అది. దాన్ని భుజాన మోసుకొచ్చినవాడు అక్కడి మిషన్ మెకానిక్. తలుపు ఆకారంలో అట్ట కోసి, ఎక్కడానికి వాలుగా చెక్క కూడా పెట్టాడు. నాకు నమస్కారం పెట్టేముందు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. పిల్లలు అప్పటికప్పుడు అతనికి 'ఓడ మావయ్య' అని పేరు పెట్టేశారు.

"జంతువులు జతలు జతలుగా ఎక్కాలి" అన్నాను పుస్తకం చూసి.

ఏనుగులకి కొట్లాట అయింది. పులులకి కొట్లాట అయింది. గాడిదలుగా ఉండడానికి మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. జతలన్నీ కట్టాక ఒకతె మిగిలిపోయింది. రొట్టెల బేకరీవాళ్ళ మనవరాలు, ఆరేళ్ళ పిల్ల. గొంతు ఖంగుమంటుందని అందరూ 'గంట' అనేవాళ్ళు.

గంట నడుం మీద చేతులు పెట్టుకుంది. "మామ్మ టీచర్, నాకు జత లేదు. అయితే నేను మునిగిపోవాలా?"

నేను నోటు పుస్తకం తిప్పాను. పుస్తకంలో ఆ మాటకి జవాబు లేదు. నా కోడలు మోకాళ్ళూ చేతులూ నేల మీద ఆనించి, "నేనున్నాగా. మనిద్దరం గాడిదలం. పద" అంది. ఓండ్రపెట్టుకుంటూ ఇద్దరూ ఓడెక్కారు. ఆ తరవాత ఏనుగులూ పులులూ కూడా మేమూ గాడిదలమే అని దిగివచ్చాయి.

నేనూ నవ్వాను. నవ్వుతూనే చూశాను. నా మనవరాలు మెకానిక్ చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి చెవి మీద పెట్టుకుంది. అతను ఏమీ అనలేదు. నా కోడలూ ఏమీ అనలేదు. ఇంట్లో అయితే కత్తెర ముట్టుకుంటేనే చెయ్యి మీద ఒక్కటిచ్చే మనిషి. ఆ ఏమీ అనకపోవడం చూసే నాకు అర్థమైంది.

మూడో రోజు సాయంత్రం ఆమె ముక్కగుడ్డలు ఏరుతూ తల ఎత్తకుండా అంది.

"అత్తయ్యా, మీతో ఒక మాట."

"చెప్పు."

"ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగారు."

ఆయనెవరని నేను అడగలేదు.

"ఈ నెలాఖరుకి వేరే ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీకి మారిపోతున్నారు. రైల్లో ఒక పగలు ప్రయాణం. పాపని సొంత బిడ్డలా చూసుకుంటానన్నారు. సెలవులిచ్చిన మర్నాడే పాపని మీ దగ్గరికి తీసుకొస్తాను, నేనూ ఉంటాను నాలుగు రోజులు. కానీ మీరు వెళ్ళమంటేనే వెళ్తాను అత్తయ్యా. వద్దంటే వద్దన్నారని ఆయనకి చెప్పేస్తాను. మీకు తెలియకుండా ఏదీ చెయ్యను. ఏదో ఒకటి మీ నోటితో చెప్పండి."

వెళ్ళు అంటే పాప వెళ్ళిపోతుంది. వద్దు అంటే ఇరవై తొమ్మిదేళ్ళ మనిషిని నా చేతులతో కట్టిపడేసినట్టు అవుతుంది, ఊళ్ళో నా పేరు చెడుతుంది. ఆమె అంతట ఆమే మానుకోవాలి, నేను మంచిదాన్నిగా మిగలాలి. నాకు కావలసింది అది.

"ముందు ఈ పది రోజులూ గట్టెక్కనీ" అన్నాను.

"అలాగే. గట్టెక్కాకే చెప్పండి."

ఆ తరవాత రోజులు బాగానే గడిచాయి. అట్టపెట్టెలు పేర్చి కథలోని కోటగోడ కట్టి, కాగితం బాకాలు ఊదుతూ ఏడుసార్లు తిరిగి, దాన్ని కూల్చాం. పోయిన నాణెం కథకి నాణెం బదులు రంపప్పొట్టులో బొత్తాం దాచి వెతికించాం. తప్పిపోయిన గొర్రెపిల్లగా ఒకణ్ణి దాస్తే, వాడు బీరువా వెనక నిద్రపోయాడు. వాడు దొరికేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. గేటు గడియ మూడుసార్లు చూసి, తలలు మూడుసార్లు లెక్కపెడితే గానీ నేను ఇంటికి కదిలేదాన్ని కాదు. పిల్లలు నన్ను చూసి, "మామ్మ టీచరే అసలైన కాపరి" అని నవ్వేవాళ్ళు.

పెద్ద టీచర్ నోటు పుస్తకంలో ఎనిమిదో పాఠం ఇద్దరు కోడళ్ళ కథ. పరాయి దేశంలో భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్న ఒక అత్త, సొంత ఊరికి బయలుదేరుతుంది. భర్తలు పోయిన కోడళ్ళిద్దరూ ఆమె వెంట నడుస్తారు. సగం దారిలో ఒక కోడలు వెనక్కి వెళ్ళిపోతుంది. ఒక కోడలు అత్తని విడవకుండా ఉండిపోతుంది. అది చూడగానే దేవుడే తెచ్చి నా చేతిలో పెట్టాడనుకున్నాను.

ఏడో రోజు సాయంత్రం ఆ కథ బైబిల్లోంచి ఆమెకి చదివి వినిపించాను. కథలో ఆ అత్త దారిలో ఆగుతుంది. నాతో రావద్దు, మీ పుట్టిళ్ళకి వెళ్ళండి, మళ్ళీ పెళ్ళి చేసుకుని సుఖంగా ఉండండి అని కోడళ్ళని దీవిస్తుంది. ఒకసారి చెప్పి ఊరుకోదు. మూడుసార్లు వెళ్ళమంటుంది. ఆ మూడు చోట్లా నేను గొంతు మారకుండా దాటేశాను. చదవడం వచ్చినవాళ్ళకి దాటేయడం కూడా వస్తుంది.

ఆమె బడి పిల్లల కోసం కుడుతున్న గుడ్డ గొర్రెపిల్లలకి చెవులు కత్తిరిస్తోంది. "మరి ఆ మొదటి కోడలు ఎందుకు వెళ్ళిపోయింది అత్తయ్యా?"

"మనసు లేక" అన్నాను.

కత్తెర ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

మర్నాడు చర్చిలో గుమ్మం నుంచి ప్రసంగ పీఠం దాకా సుద్దముక్కతో దారి గీశాం. నా మనవరాలు అత్త. దాని భుజాలకి దుప్పటి కట్టాం. ఇద్దరు కోడళ్ళు ఆ దుప్పటి కొసలు చెరొకటి పట్టుకుని వెంట నడవాలి. నేను చప్పట్లు కొట్టగానే వెళ్ళే కోడలు కొస వదిలెయ్యాలి, అవుట్. ఉండే కోడలికి బంగారుకాగితం కిరీటం. ఆ కిరీటం నేనే చేశాను.

చప్పట్లు కొట్టాను. ఎవరూ వదల్లేదు. ఇంకో ఇద్దర్ని పిలిచాను. వాళ్ళూ వదల్లేదు. అవుటవ్వడం ఎవరికిష్టం? మూడో జతవాళ్ళు చెరోవైపుకీ లాగి దుప్పటి పర్రున చించారు. మనవరాలు వెల్లకిలా పడి, "నాన్నమ్మా, వీళ్ళు నన్ను చంపేస్తున్నారు" అని గోల పెట్టింది.

"ఎవరూ వెళ్ళకపోతే ఆట ముందుకి సాగదు" అంది నా కోడలు. "ఇలా ఇవ్వు. నేను వెళ్ళే కోడల్ని."

ఉండే కోడలిగా గంట నిలబడింది. నా కోడలు మోకాళ్ళ మీద నడుస్తూ కూతురి వెనక వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. ఆమె కూతుర్ని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా" అంది కూతురితో.

పిల్లలందరూ పకపకా నవ్వారు. తల్లి కూతుర్ని అత్తయ్యా అనడం వాళ్ళకి భలే నచ్చింది. మనవరాలు అత్త హోదాలో గొంతు పెంచి, "త్వరగా రా కోడలా, అంట్లు ఉన్నాయి" అంది. ఇంకా నవ్వారు. నా కోడలు కొస వదిలి, గోడవారగా వెళ్ళి కూర్చుంది.

"వచ్చిందా టీచర్ మళ్ళీ?" అని ఒకడు అడిగాడు.

"రాలేదు. ఆమె సంగతి ఆ తరవాత ఎక్కడా రాయలేదు."

గంట కిరీటం పెట్టుకోలేదు. చేత్తో పట్టుకుని నిలబడింది. "మామ్మ టీచర్, మీరు తప్పు ఆడిస్తున్నారు."

"ఏం తప్పు?"

"మీరు ఇంటికి పంపిన పాఠాల చీటీ చూసి మా తాతయ్య నిన్న చదివి వినిపించాడు. అత్తే వాళ్ళని వెళ్ళమంటుంది. మూడుసార్లు అంటుంది. చెప్పకుండా వెళ్తే పారిపోయినట్టు. పెద్దవాళ్ళు చెప్తే వెళ్తే పారిపోయినట్టు కాదు. అప్పుడు అవుట్ ఎందుకవుతుంది?"

గోడ దగ్గర నుంచి నా కోడలు మెల్లగా అడిగింది. "అలా ఉందా అత్తయ్యా?"

బైబిల్ నా చేతిలోనే ఉంది. వేలు ఆ పేజీలోనే ఉంది. ఉందమ్మా, చదవడంలో పోయింది అంటే అయిపోయేది. అంతమంది పిల్లల ముందు చదవడం రానిదాన్ని కాలేకపోయాను. అంతకన్నా, ఉందంటే ఆ మాట నేనూ అనాల్సి వస్తుంది.

"లేదు" అన్నాను. "వాళ్ళ తాతకి చత్వారం. ఏదో చూసి ఏదో చదివి ఉంటాడు."

పిల్లలు నవ్వారు. గంట నవ్వలేదు. కిరీటం బెంచీ మీద పెట్టి కూర్చుంది. ఆ రోజంతా గంట మళ్ళీ మోగలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న పాఠం చూసుకుందామని బైబిల్ తెరిస్తే దానంతటది ఒకచోట విచ్చుకుంది. ఆ పేజీలో మూడు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. కాలర్ కుట్టేముందు గుడ్డ జరగకుండా ఎలా గుచ్చుతుందో అలాగే, వరసగా, సూటిగా. ఒక్కొక్కటీ ఒక్కో మాట పక్కన. ఎంతసేపు వేలు పెట్టుకుని కూడబలుక్కుందో నాకు తెలీదు. నేను స్నానానికి వెళ్ళినప్పుడే చదివి ఉంటుంది.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి పాలు కాస్తోంది.

"ఈ సూదులు నీవేనా?" అన్నాను.

"నావే అత్తయ్యా. మీ కళ్ళకి ఆనలేదేమోనని గుర్తు పెట్టాను."

"అద్దాలు మార్పించుకోవాలి" అన్నాను.

"మార్పించుకోండి" అంది. పాలు పొంగకముందే దించేసింది.

అంతే. మా ఇంట్లో గొడవ జరగలేదు. ఆమె గొంతు పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆ ఏడుపులో ఏదో ఒకటి నోరు జారేది. ఆమె పాపకి జడ వేసి, నా చెప్పులు గుమ్మం దగ్గర సర్ది, ఎప్పటిలాగే నాతో చర్చికి వచ్చింది. దారిలో అరడుగు వెనక నడిచింది.

పదో రోజు తల్లిదండ్రులు వచ్చి పిల్లల ఆటలు చూసే రోజు. బెంచీలన్నీ నిండాయి. ఎనిమిదో రోజు ఆటని నా కోడలు మార్చేసింది. సుద్దముక్క దారి మీద మూడు గీతలు గీసింది. ప్రతి గీత దగ్గరా అత్త వెనక్కి తిరిగి వెళ్ళమని చెప్పాలి. అవుట్ లేదు. కిరీటం లేదు. నన్ను అడగలేదు. నేనూ ఎందుకని అడగలేదు. మాట మర్చిపోయినవాళ్ళకి అందించడానికి నేను బైబిల్ పట్టుకుని పక్కన కుర్చీలో కూర్చున్నాను.

నా మనవరాలు కొత్త దుప్పటి కట్టుకుని వచ్చింది. మొదటి గీత దగ్గర, "వెళ్ళండి" అంది, వినబడీ వినబడకుండా. రెండో గీత దగ్గర, "వెళ్ళండంటుంటే" అని కసిరింది. జనం నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వారు. మూడో గీత దగ్గర పెద్ద మాట ఉంది. అక్కడికి వచ్చి నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. నా వైపు తిరిగింది.

"నాన్నమ్మా, తరవాతేంటి?"

మళ్ళీ నవ్వులు. నా వేలి కింద మాట ఉంది. సూదులు తీసిన చోట చిన్న చిల్లులు ఉన్నాయి. అద్దాలు లేకుండానే కనబడుతున్నాయి. పాప ఎదురుచూస్తోంది. వెళ్ళే కోడలి వేషంలో ఉన్న పిల్ల నొప్పిపుట్టి దుప్పటి కొస చెయ్యి మార్చి పట్టుకుంది. ముందు వరసలో ఎవరో, "మామ్మగారూ, అందించండి" అన్నారు. స్తంభం పక్కన నా కోడలు నిలబడి ఉంది. పాపని చూడడం లేదు. నన్ను చూస్తోంది.

నా పెదాలు కదిలాయి. మాట రాలేదు.

నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు నా కోడలు స్తంభం దగ్గర నుంచే, పాపకి వినబడేలా చెప్పింది.

"మీ మీ ఇళ్ళకి వెళ్ళండమ్మా. నా కోసం ఆగొద్దు. చల్లగా ఉండండి."

పాప ఆ మాటలు చిలకలా అప్పజెప్పింది. చర్చి అంతా చప్పట్లు కొట్టింది. ఎవరి దగ్గర వినాలని ఇన్ని రోజులూ ఎదురుచూసిందో, ఆ మాట ఆమే అనుకోవాల్సి వచ్చింది.

బయటికి వస్తుంటే పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "చక్కగా నేర్పించారమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "పది రోజులూ గట్టెక్కాయి అత్తయ్యా."

నేను తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. "పాప మెట్ల మీద ఆడుతోందేమో చూడు. పడిపోతుంది" అన్నాను.

 ఆమె పాపని చూడడానికి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నెలాఖరు వారంలో పాస్టరుగారి ఇంట్లో నలుగురి మధ్య వాళ్ళిద్దరి పెళ్ళి జరిగింది. నాకు తలనొప్పిగా ఉందని వెళ్ళలేదు. నా కోడలు ఇంటికి వచ్చి, బట్టలు మార్చుకుని, నాకు నుదుటికి మందు రాసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. అప్పుడు కూడా నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

వాళ్ళు బయలుదేరిన పొద్దున్న నేను వెనక గదిలో బైబిల్ తెరుచుకుని కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు. "నాన్నమ్మ చదువుకుంటోంది, గోల చెయ్యకు" అని ఆమె పాపకి చెప్పడం వినబడింది. మెట్ల మీద మూడు జతల కాళ్ళ చప్పుడు. కింద ఇస్త్రీ కొట్టతను, "వెళ్తున్నారా అమ్మా, మీ అత్తగారు కిందికి రాలేదేం?" అన్నాడు. ఆమె ఏం చెప్పిందో వినబడలేదు. నేను లేచి కిటికీ దాకా వెళ్ళేసరికి వీధిలో ఎవరూ లేరు.

మొదటి రెండేళ్ళు కొత్త సంవత్సరానికి కార్డు వచ్చింది. మొదటి దాంట్లో పాప రాత గుండ్రంగా, గీత దాటి పైకి పోతూ ఉంది. రెండో దాంట్లో గీత మీదే ఉంది. అంత చదవగలిగినదాన్ని, జవాబు ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక రాయలేదు. మూడో ఏడు కార్డు రాలేదు.

మే నెల ముప్పయ్యో తారీఖు, గురువారం, ఉదయం ఆరున్నర బండికి వెళ్ళారు. నా కోడలు మళ్ళీ రాలేదు. నా మనవరాలు మళ్ళీ రాలేదు. అది జరిగి ఈ మే నెలకి పంతొమ్మిదేళ్ళు.